దారి అడగడం

దారి చెప్పమంటే ఎవరైనా చెబుతారు.
దారి ఇమ్మంటేనే
తలుపు సగం మూసుకుంటుంది.

క్లబ్బులో చేరిన కొత్తలో
లొరెట్టా నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే.
ముప్ఫయ్యేళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి.
డాన్బీ చుట్టుపక్కల ఏ ఇంటి కుక్క కరుస్తుందో,
ఏది ఊరికే అరుస్తుందో ఆవిడకు తెలుసు.
"పటం పట్టుకెళ్లకు," అంది,
"పన్నుల గుమాస్తావనుకుంటారు.
చేతితొడుగులు పట్టుకెళ్లు.
పనుంటే చేసి రా."

మెర్ల్ వాండర్‌మార్క్ పొలంలోంచి
మా కాలిబాట పదకొండు వందల అడుగులు.
కాగితం లేదు, సంతకం లేదు.
ఎప్పుడో వాళ్ల నాన్నా, మా క్లబ్బు పెద్దెవరో
కొట్టం గుమ్మంలో చేతులు కలుపుకున్నారట.
అప్పట్నించీ అది నోటిమాట మీద నడిచే దారి.
చెట్టుకో తెల్ల గీత,
కంచె దగ్గర నేను మేకులు కొట్టిన నాలుగు మెట్లు,
వేటల నెలలో రావద్దని ఒక అట్ట.

మే నెలలో ఒక ఆదివారం
పట్నం నుంచి వచ్చినవాళ్లెవరో
కుక్క పగ్గం విప్పేశారు.
పాపం, కాసేపు పరిగెత్తనీ అనుకుని ఉంటారు.
తొలిచూలు పెయ్య, నెలలు నిండింది,
బెదిరి కంచె తీగ మీద పడింది.
దూడ దక్కలేదు.

సోమవారానికల్లా
ప్రతి తెల్ల గీత మీదా నల్ల రంగు.
చెట్టుచెట్టుకీ పసుప్పచ్చ హెచ్చరిక.

నష్టం ఎంతో కనుక్కుందాం, అన్నారొకరు సమావేశంలో.
ఆ కుక్క మనది కాదుగా, అన్నారింకొకరు.
లొరెట్టా ఏమీ అనలేదు.
కాఫీ కప్పు కడిగి బోర్లించింది.

నేనే వెళ్లాను.
దోవంతా వాక్యాలు కూర్చాను, చెరిపాను.
దంతాలకి అచ్చులు పోసే ఉద్యోగం నాది.
కొలత తప్పితే మళ్లీ పోసుకోవచ్చు.
మాటకి ఆ వెసులుబాటు లేదు.

ఆయన ట్రాక్టరు కింద ఉన్నాడు.
బూట్లు మాత్రమే కనబడ్డాయి.
బూట్లకే క్షమాపణ చెప్పుకున్నాను.
"ఆ పెద్ద రెంచి అందుకో," అన్నాయి బూట్లు.
అందించాను.
ఆ రోజుకి అంతే.

మా దారి రోడ్డెక్కింది,
రెండు మైళ్ల చుట్టు, పాల లారీల పక్కన.
నడిచేవాళ్లు గొణిగారు. పటం మార్చాం.
జూన్‌లో వెళ్లి తెగిన తీగ బిగించాను.
ఆగస్టులో లొరెట్టా, నేనూ గడ్డిమోపులు ఎక్కించాం,
రాత్రంతా మెడ దురద.
నవంబరులో ఎవరో తాగి పారేసిన సీసాలు ఏరాను.
దారి ఊసు ఒక్కసారీ ఎత్తలేదు.
ఎత్తకపోవడమూ అడగడమేనేమో.
ఒక సాయంత్రం కారులో కూర్చుని సిగ్గుపడ్డాను:
నేను చేస్తున్నది సాయమా, ఎరా?

అది తేలకుండానే మంచు పడింది.

మార్చిలో ఫోను. మొదటిసారి తనంతట తనే.
మేపుల్ పాలు బకెట్ల నిండా కారుతున్నాయి,
మనవడికి జ్వరం, మొయ్యడానికో మనిషి కావాలి.
బురదలో చెరో బకెట్టుతో నడుస్తున్నాం.
ఒక చెట్టు దగ్గర ఆగాడు.
నల్ల పొర పెచ్చులు లేచి ఉంది.
గోటితో గీకాడు.
కింద తెలుపు, చెక్కుచెదరకుండా.
"మీ రంగు మంచిదే," అన్నాడు,
"నాదే నాసిరకం."

ఇది అనుమతేనా?
అడగలేదు. బకెట్టు చెయ్యి మార్చుకున్నాను.

నాలుగు చెట్లు దాటాక, వెనక్కి తిరక్కుండానే:
"కుక్కలకి పగ్గం ఉండాలని రాయి.
పెద్ద అక్షరాల్లో. నా కళ్లకి కూడా ఆనాలి."
ఎంత పెద్దవో చూపించబోయాడు.
చేతిలో బకెట్టు ఉంది.
కొంచెం ఒలికింది.